పెట్టిందెవరు, రాసిందెప్పుడు? ప్రాచీన పండితుల మారుపేర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాష్ట్రం బయటి తెలుగువాళ్ళవి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి కొన్ని, అటు సిరొంచ, బల్లార్షా, ధర్మాబాద్ నుంచి కొన్ని. చాలామంది అడిగింది ప్రాచీన పండితుల మారుపేర్లు, బిరుదుల గురించే కాబట్టి వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: ఎరటొస్థనీస్ భూమి చుట్టుకొలతను లెక్కగట్టినవాడు కదా! అంతటివాణ్ణి ‘బీటా’ అని తక్కువ చేసి పిలిచారని చదివాను. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, రాయగడ

జవాబు: ఆ పేరు ఉన్న మాట నిజమే. గ్రీకులు అంకెలను కూడా అక్షరాలతోనే రాసేవారు. ఆల్ఫా అంటే ఒకటి, బీటా అంటే రెండు. ఏ శాస్త్రం పట్టుకున్నా అందులో మొదటి స్థానం వేరొకరిది, ఈయనది రెండోది అని ఆ పేరుకు అర్థం. ఆయనకే ‘పెంటాథ్లోస్’ అని ఇంకో పేరుంది. పరుగు, దూకడం, చక్రం విసరడం, ఈటె విసరడం, కుస్తీ – ఈ ఐదూ కలిపి ఆడే పోటీదారు అని. అతను పరుగులో పరుగుగాడి చేతిలో, కుస్తీలో మల్లుడి చేతిలో ఓడతాడు, మిగతావాళ్ళందరినీ గెలుస్తాడు. అన్ని విద్యలూ కొంతకొంత తెలిసినవాణ్ణి ఇలాంటి ఆటగాడితో పోల్చడం, ప్లేటో పేరు మీద చలామణీ అయ్యే ఒక చిన్న సంభాషణలోనూ ఉంది. అందుకని పెంటాథ్లోస్ అన్నది మెచ్చుకోలు, దెప్పిపొడుపు రెండూ కలిసిన మాటగా తీసుకోవాలి.

తక్కువ చేయడం న్యాయమా అంటే, కాదు. వేసవి అయనాంతం రోజు మిట్టమధ్యాహ్నం సయీనీలో, అంటే నేటి అస్వాన్‌లో, కర్రకు నీడ పడదు. అదే వేళ అలెగ్జాండ్రియాలో పడే నీడ వృత్తంలో 50వ వంతు కోణాన్ని చూపింది. రెండు ఊళ్ళ మధ్య దూరం 5,000 స్టేడియాలు (గ్రీకుల దూరపు కొలత). 50తో హెచ్చిస్తే 2,50,000. తర్వాత దాన్ని 2,52,000 చేశారు. అలా చేస్తే డిగ్రీకి సరిగ్గా 700 వస్తుంది. ఈ పనిలో ఆయన ఎవరికీ రెండోవాడు కాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎరటొస్థనీస్ క్రీ.పూ. 3వ శతాబ్దంవాడు. ‘బీటా’ పేరును కారణంతో సహా మనకు అందించిన ‘సూడా’ అనే నిఘంటువు క్రీ.శ. 10వ శతాబ్దానిది. మధ్య వెయ్యేళ్ళకు పైగా ఎడం. ఇలా అక్షరం పేరు పెట్టించుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. చంద్రుణ్ణి శోధించిన అపొల్లోనియస్‌ని ‘ఎప్సిలాన్’ అన్నారట, ఆ అక్షరం వంపు చంద్రుడి ఆకారంతో పాటు తిరుగుతుందని. ప్రతిదీ కూపీ లాగే శాటిరస్‌ని ‘జీటా’ అన్నారట. ఈ రెంటినీ చెప్పినవాడు టాలమీ ఖెన్నస్. అతని పుస్తకం పోయింది, 9వ శతాబ్దపు ఫోటియస్ రాసిన సంగ్రహం మాత్రం మిగిలింది. కల్పించి రాస్తాడన్న పేరు కూడా అతనికుంది. అందుకని ‘ఎప్సిలాన్’ను ‘అన్నారట’ అనే చెప్పాలి, ‘అన్నారు’ అనకూడదు.

ప్రశ్న: మా బడిలో గోడపత్రిక కోసం పిల్లలు ఫోన్లలో చూసి పండితుల మారుపేర్లు యాభైదాకా పోగుచేశారు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చే పద్ధతి చెప్పండి.
– ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: ప్రతి పేరు పక్కనా మూడు గడులు గీయించండి. ఆ పండితుడి కాలం, ఆ పేరు మొదట కనబడే గ్రంథం, ఆ గ్రంథం కాలం. రెండో గడి నింపలేని పేరును పక్కన పెట్టండి. యాభైలో సగం ఇక్కడే రాలిపోతాయి. మిగిలినవాటిలో మొదటి కాలానికీ మూడోదానికీ ఎడమెంతో లెక్కకట్టించండి. ఆ తర్వాత పండితుడు తన రచనలో తనను ఏ పేరుతో చెప్పుకున్నాడో చూడాలి. చివరగా, ఆ ‘మారుపేరు’ ఆ కాలంలో మామూలు పేరుగా వేరేవాళ్ళకు కూడా ఉందేమో చూడాలి. ఈ చివరి పరీక్షను ఎక్కువమంది వదిలేస్తారు. పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ అక్కడే.

ప్లేటోను ఇలా పరీక్షించి చూడండి. ఆయన అసలు పేరు అరిస్టోక్లీస్ అనీ, భుజాలు విశాలంగా ఉన్నాయని కుస్తీ గురువు ‘ప్లేటో’ అని పిలిచాడనీ ప్రతి జాబితాలోనూ ఉంటుంది. చెప్పిన గ్రంథం డయోజెనీస్ లాయెర్షియస్‌ది, క్రీ.శ. 3వ శతాబ్దం. ప్లేటో పోయింది క్రీ.పూ. 347లో. ఐదు వందల ఏళ్ళకు పైగా ఎడం. అదే గ్రంథం ఇంకో రెండు కారణాలు కూడా చెబుతుంది, శైలి విశాలమని, నుదురు విశాలమని. ఒక పేరుకు మూడు కారణాలు ఉన్నాయంటే అసలు కారణం ఎవరికీ తెలియదని అర్థం. ఇక సోక్రటీస్ విచారణ గురించి ప్లేటో తానే రాసినదాంట్లో తన పేరు ప్లేటో అనే ఉంది. పైగా అదే ఏథెన్స్‌లో, అదే కాలంలో ప్లేటో అనే హాస్యనాటక కవి మరొకడున్నాడు. అంటే అది నలుగురికీ ఉన్న మామూలు పేరే. గోడపత్రికలో ‘తర్వాతి కాలపు కథ’ అని రాసి పెట్టవచ్చు, నిజమని రాయకూడదు.

థియోఫ్రాస్టస్ సంగతి ఇంతకంటే గట్టిది. లెస్బోస్ ద్వీపంవాడైన టిర్టమస్‌కు ఆ పేరు పెట్టింది గురువు అరిస్టాటిల్ అని భూగోళవేత్త స్ట్రాబో కూడా చెప్పాడు. పాత పేరు చెవికి ఇంపుగా లేదని, అతని మాటతీరు దివ్యమని రెండు కారణాలూ ఇచ్చాడు. దాన్ని ఉంచండి.

మన వైపు నుంచి కౌటిల్యుడు తప్పక ఉంటాడు. కుటిలబుద్ధి వల్ల ఆ పేరొచ్చిందని రాసి ఉంటే దిద్దించండి. ఆ శ్లేషను వాడుకున్నది విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’, అది నాటకం. అర్థశాస్త్రంలో గ్రంథకర్త తన మతం చెప్పేటప్పుడు పదేపదే ‘ఇతి కౌటిల్యః’ అంటాడు. చివరి శ్లోకంలో విష్ణుగుప్తుడనే పేరుంది. తిట్టుపేరు పెట్టుకుని ఎవరూ తమ సిద్ధాంతం చెప్పరు. వంశాన్ని బట్టి వచ్చిన పేరుగా తీసుకోవడమే సబబు.

ప్రశ్న: వైశేషిక దర్శనం రాసిన మహర్షిని కణాదుడు, ఉలూకుడు అంటారు. న్యాయసూత్రకారుణ్ణి అక్షపాదుడు అంటారు. గుడ్లగూబ అనీ, కాళ్ళలో కళ్ళున్నవాడనీ ఋషుల్ని పిలవడం ఏమిటి?
– జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: ‘కణాద’ అంటే కణాలు తినేవాడు. కణభుక్కు, కణభక్షుడు అనే రూపాలు కూడా శాస్త్రగ్రంథాల్లో ఉన్నాయి. శ్రీధరుడి ‘న్యాయకందళి’ ప్రకారం ఆయన కపోతవృత్తిలో బతికాడు. కోతలయ్యాక దారిలో రాలిన గింజల్ని పావురంలా ఏరుకుని తిన్నాడు. మన పల్లెల్లో పరిగె ఏరుకోవడం అంటామే, అదే. ఇది తపస్వికి గౌరవమైన వృత్తి. రెండో వివరణ సిద్ధాంతం నుంచి పుట్టింది. ప్రపంచమంతా పరమాణువుల కూర్పు అన్నవాడు కాబట్టి కణాదుడు అని. ఈ రెండో అర్థాన్ని ప్రత్యర్థులు ఎత్తిపొడుపుకు వాడుకున్నారు. రెంటిలో మొదటిదే మాకు సహజంగా తోస్తుంది. మనిషి బతుకుతెరువును బట్టి పేరు రావడం లోకంలో ఉన్నదే. సిద్ధాంతాన్ని ‘తినడం’ అన్న మాటతో చెప్పాలంటే ఎగతాళి ఉద్దేశం ఉండితీరాలి.

ఉలూకుడు అన్నదానికి కథలు రెండు. రాత్రిపూట తిరిగేవాడని ఒకటి, శివుడు గుడ్లగూబ రూపంలో వచ్చి ఉపదేశించాడని ఇంకొకటి. 14వ శతాబ్దపు ‘సర్వదర్శనసంగ్రహం’ వైశేషికాన్ని ‘ఔలూక్య దర్శనం’ అనే శీర్షిక కిందే చెప్పింది. తిట్టుగా కాదు, మామూలు పేరుగానే. దాన్ని తిట్టుగా తిప్పినవాడు 12వ శతాబ్దపు శ్రీహర్షుడు. ఆయన ‘నైషధీయచరితం’ 22వ సర్గలో నలుడు దమయంతితో అంటాడు: చీకటి స్వరూపాన్ని తేల్చాలంటే వైశేషిక మతమే తగినది, అది ఔలూకం కదా, గుడ్లగూబకే చీకట్లో కనబడుతుంది. చీకటి ఒక ద్రవ్యమా, వెలుగు లేకపోవడమా అన్నది వైశేషికులకూ మీమాంసకులకూ మధ్య నిజమైన వాదం. ఆ వాదం తెలిసినవాడికే ఈ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. అదే కావ్యం 17వ సర్గలో చార్వాకుడు న్యాయకర్త గోతముణ్ణి (అక్షపాదుడు ఈయనే) కూడా వదలడు. ముక్తి అంటే రాయిలా పడి ఉండడమని చెప్పినవాడు పేరుకు తగ్గ ‘గో-తముడే’, అంటే ఎద్దుల్లో మేటి అంటాడు. మన శ్రీనాథుడు ఆంధ్రీకరించింది ఈ కావ్యాన్నే.

అక్షపాదుడి విషయంలో జాగ్రత్త కావాలి. ఆలోచనలో మునిగి నడుస్తూ నూతిలో పడితే, దేవుడు పాదాలకు కళ్ళిచ్చాడని ఒక కథ. శిష్యుడైన వ్యాసుడి మీద కోపంతో ‘ఈ కళ్ళతో నిన్ను చూడను’ అని ఒట్టు పెట్టుకుని, తర్వాత దయ కలిగి పాదాల్లో కళ్ళు సృష్టించుకుని చూశాడని మరొకటి. రెండూ పేరును విడగొట్టి అల్లిన కథలే. సూత్రాల్లో ఆ పేరు లేదు. వాత్స్యాయనుడి భాష్యం చివరి శ్లోకంలో ‘అక్షపాద ఋషి’ అని ఉంది, అదీ పూర్తి గౌరవంతో. నూతిలో పడిన కథ గ్రీకుల్లో కూడా ఉంది. నక్షత్రాలు చూస్తూ నడిచిన థేలీస్ నూతిలో పడ్డాడని, కాళ్ళ దగ్గరున్నది కానరాదా అని ఒక దాసీపిల్ల నవ్విందని ప్లేటో రాశాడు. ఇటు నుంచి అటు వెళ్ళిందా, అటు నుంచి వచ్చిందా అని వెతకనక్కర్లేదు. ఆలోచించేవాణ్ణి చూసి లోకం నవ్వే తీరు అంతటా ఒకటే.

ప్రశ్న: డిడిమస్ అనే గ్రీకు పండితుడు 4,000 పుస్తకాలు రాశాడట. ఒక మనిషికి సాధ్యమా?
– గుణుపురం

జవాబు: సెనెకా 4,000 అన్నాడు, అథెనేయస్ 3,500 అన్నాడు. అప్పట్లో ‘పుస్తకం’ అంటే ఒక పాపిరస్ చుట్ట. ఇలియడ్ ఒక్కటే 24 పుస్తకాలుగా లెక్క. ఆ లెక్కన ఇప్పటి అచ్చుపుస్తకాల్లో సంఖ్య చాలా తగ్గుతుంది. అయినా అది మామూలు శ్రమ కాదు. అందుకే ‘కంచు పేగులవాడు’ (ఖల్కెంటెరోస్) అన్నారు. ఎంత చాకిరీ అయినా అరిగించుకునే శరీరం అని. రెండో పేరు ‘బిబ్లియోలాథాస్’, తన పుస్తకాలు తానే మరిచేవాడు. క్వింటిలియన్ చెప్పిన సంఘటన ఇది: ఒకరెవరో ఒక కథ చెబితే డిడిమస్ అది వట్టి అబద్ధమని కొట్టిపారేశాడు. అప్పుడు ఆ కథ ఉన్న పుస్తకాన్ని తెచ్చి ముందు పెట్టారు. అది ఆయన రాసిందే. మొదటి పేరు వెంట రెండోది వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. పాతవాళ్ళ వ్యాఖ్యలను ఒకచోట కూర్చడమే ఆయన ముఖ్యమైన పని. ఒక చుట్టలో ఒకరి అభిప్రాయం, ఇంకో చుట్టలో దానికి ఎదురుది చేరుతూ పోతాయి. అలెగ్జాండ్రియా పాత పండితుల మాటలు కొన్ని మనకు దక్కింది ఆయన కూర్పు వల్లనే.

ప్రశ్న: వెక్కిరింత పేర్లన్నీ గ్రీకుల దగ్గరే కనబడుతున్నాయి. మన శాస్త్రకారులు ఎవరినీ వెక్కిరించలేదా?
– బల్లార్షా

జవాబు: వెక్కిరించడమే కాదు, ఆ పేర్లు కట్టడానికి సూత్రాలు కూడా రాశారు. పాణిని అష్టాధ్యాయిలో ‘కుత్సితాని కుత్సనైః’ అని ఒక సూత్రం ఉంది (2.1.53). మామూలు సమాసంలో విశేషణం ముందు, మనిషి వెనక. నిందలో అది తిరగబడుతుంది, మనిషి ముందు, నింద వెనక. దీనికి 7వ శతాబ్దపు వ్యాఖ్య కాశికావృత్తి ఇచ్చిన ఉదాహరణ ‘వైయాకరణఖసూచి’. ఖం అంటే ఆకాశం. ప్రశ్న అడిగితే జవాబు తోచక ఆకాశం వైపు చూసే వ్యాకరణ పండితుడు. పక్కనే ‘యాజ్ఞికకితవుడు’ ఉన్నాడు, చేయించకూడనివాళ్ళ చేత కూడా యజ్ఞం చేయించే ఆశపోతు.

విద్యార్థులకైతే ఇంకా ఎక్కువ. ‘తీర్థకాకం’ (2.1.42) అంటే రేవులో వాలిన కాకి అక్కడ ఎక్కువసేపు నిలవనట్టు, ఏ గురువు దగ్గరా నిలవకుండా తిరిగేవాడు. ఈ వివరణ క్రీ.పూ. 2వ శతాబ్దపు పతంజలి మహాభాష్యంలోనే ఉంది. ‘ఖట్వారూఢుడు’ (2.1.26) అంటే మంచమెక్కినవాడు. చదువు ముగించి, స్నాతకుడై, గురువు అనుమతి పొందాకే మంచం మీద పడుకోవాలి. అంతకు ముందే ఎక్కినవాణ్ణి ఇలా తిట్టేవారు. నిజంగా మంచమెక్కితే ఈ సమాసం వాడకూడదు, నింద ఉంటేనే వాడాలి. ఆ షరతునే సూత్రంలోని ‘క్షేపే’ అన్న మాట పెడుతోంది.

అన్నిటికంటే పదునైనవి ‘ఓదనపాణినీయులు’, ‘ఘృతరౌఢీయులు’, ‘కంబలచారాయణీయులు’. అన్నం దొరుకుతుందని పాణినీయం చదివేవాళ్ళు, నెయ్యి కోసం రౌఢి శిష్యులైనవాళ్ళు, కంబళి కోసం చారాయణుడి దగ్గర చేరినవాళ్ళు. పాణిని వీటికి స్వరనియమం కూడా చెప్పాడు (6.2.69). నింద అయినప్పుడు మొదటి పదం తొలి అచ్చు మీద ఉదాత్తం (హెచ్చు స్వరం) పడుతుంది. అంటే పలికే తీరులోనే అది ఎగతాళి అని వినేవాడికి తెలిసిపోయేది. ఏ గురుకులంలో భోజనం బాగుంటుందో కూడా ఈ మూడు మాటల్లో మనకు చేరింది!

ప్రశ్న: రాత్రి డ్యూటీ చేస్తూ ప్రైవేటుగా ఎం.ఏ. కడుతున్నాను. పనిచేసుకుంటూ చదివి పేరు తెచ్చుకున్న ప్రాచీన పండితులు ఉన్నారా?
– రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: క్లియాంథీస్ ఉన్నాడు. స్టోయిక్ అనే గ్రీకు తత్వశాఖకు, స్థాపకుడు జీనో తర్వాత రెండో అధిపతి. మొదట ముష్టియోధుడు. నాలుగు ద్రాఖ్మాలతో ఏథెన్స్ చేరాడు. రాత్రి తోటల్లో నీళ్ళు తోడి, పగలు పాఠం వినేవాడు. అందుకే ‘ఫ్రియాంట్లీస్’, నూతినీళ్ళు తోడేవాడు అన్నారు. పని కనబడదు, ఒళ్ళు మాత్రం దృఢంగా ఉంది, ఎలా బతుకుతున్నావని న్యాయస్థానానికి పిలిపిస్తే, నీళ్ళు తోడించుకున్న తోటమాలినీ, పిండి విసిరించుకున్న ఆవిడనూ సాక్ష్యం తెచ్చాడు. పాపిరస్ కొనలేక గురువు పాఠాన్ని ఆల్చిప్పల మీద, ఎద్దు భుజం ఎముకల మీద రాసుకున్నాడు. గ్రహింపు నెమ్మది అని సహాధ్యాయులు గాడిద అన్నారు. జీనో మూట మోయగలిగింది నేనొక్కణ్ణే అని ఆయన జవాబు. జీనో తన పీఠం అప్పగించింది కూడా అతనికే. ఈ పేరులో వెక్కిరింత ఉన్నా అందులోని పని నిజం. అందుకే దాన్ని ఆయన దాచుకోలేదు.

ప్రశ్న: ‘దీపశిఖా కాళిదాసు’ అంటారు. ఇలా ఉపమానాలతో వచ్చిన పేర్లు ఇంకా ఉన్నాయా?
– బరంపురం

జవాబు: మూడు ప్రసిద్ధం. రఘువంశం 6వ సర్గ 67వ శ్లోకంలో ఇందుమతి స్వయంవరంలో నడిచి వెళ్తుంటే, రాత్రివేళ కదిలే దీపశిఖ దాటిపోయాక రాజమార్గంలోని మేడ నల్లబడినట్టు, ఆమె దాటిన రాజు ముఖం వెలవెలబోయింది. అది దీపశిఖ. కిరాతార్జునీయం 5వ సర్గలో తామరల పుప్పొడి సుడిగాలికి ఆకాశంలో లేచి బంగారు గొడుగులా కనబడింది. అందుకని ఆతపత్ర భారవి. శిశుపాలవధ 4వ సర్గలో రైవతక పర్వతం ఒక పక్క ఉదయించే సూర్యుడు, ఇంకో పక్క అస్తమించే చంద్రుడు వేలాడుతుంటే రెండు గంటలు కట్టిన ఏనుగులా ఉంది. అందుకని ఘంటా మాఘుడు. మూడూ రసికులు పెట్టినవి, రాజులిచ్చినవి కావు. శ్లోకం చేతిలో ఉంది కాబట్టి వీటి మీద అనుమానం లేదు. మూడు కావ్యాలకూ వ్యాఖ్య రాసినవాడు మన కొలచెలమ మల్లినాథుడు.

మీ జిల్లావాళ్ళకు ఒక హెచ్చరిక. ‘కవిసమ్రాట్’ అంటే ఒడియాలో ఘుముసరం ప్రాంతపు ఉపేంద్ర భంజుడు, తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ. క్విజ్‌లో భాష చెప్పకుండా ఈ ప్రశ్న అడగకండి.

ప్రశ్న: భవభూతి అసలు పేరు శ్రీకంఠుడట. ఆయన మా విదర్భవాడేనా?
– సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: విదర్భవాడే. మాలతీమాధవం ప్రస్తావనలో దక్షిణాపథంలో విదర్భ, అందులో పద్మపురం అని తానే చెప్పుకున్నాడు. గోందియా జిల్లా ఆమ్‌గావ్ దగ్గరి పద్మపూర్ అదేనని చాలామంది పండితుల అభిప్రాయం. పేరు విషయంలో వ్యాఖ్యాతలు చెప్పేది ఇది: అసలు పేరు శ్రీకంఠుడు, ‘భవభూతి’ అంటే శివుడి విభూతి, ఆ మాటతో చక్కని శ్లోకం చెప్పినందుకు అది పేరైంది. కానీ కవి రాసుకున్న మాట ‘శ్రీకంఠపదలాంఛనః... భవభూతిర్నామ’. శ్రీకంఠ అనే పదం గుర్తుగా గలవాడు, పేరు భవభూతి. మాట ఉన్నది ఉన్నట్టు చదివితే శ్రీకంఠ అన్నదే బిరుదు. పక్కనే ‘పదవాక్యప్రమాణజ్ఞః’ అని కూడా ఉంది. పదం వ్యాకరణం, వాక్యం మీమాంస, ప్రమాణం న్యాయం. మూడూ చదివినవాడని. వ్యాఖ్యాతల మాటకంటే కవి సొంత మాటకే మేం విలువిస్తాం.

ప్రశ్న: హాలుణ్ణి ‘కవివత్సలుడు’ అన్నది ఎవరు?
– ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: సాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతి మూడో గాథలోనే ఉంది, ప్రాకృతంలో ‘కఇవచ్ఛల’ అని. కోటి గాథల్లోంచి ఏడు వందలు కవివత్సలుడైన హాలుడు ఏర్చి కూర్చాడని ఆ గాథ అర్థం. మూడో మనిషి గురించి చెప్పినట్టుంది కాబట్టి హాలుడే రాసుకున్నాడో, కూర్పులో చేయి కలిపిన కవి చేర్చాడో గాథను చూసి తేల్చలేం. ప్రతులన్నీ ఒకటి కావు. వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న గాథలు 430 దాకా మాత్రమే. బాణుడు 7వ శతాబ్దంలో ఈ సంకలనాన్ని మెచ్చుకుంటూ సాతవాహనుడు అన్నాడే గాని కవివత్సలుడు అనలేదు. మత్స్యపురాణం హాలుడికి ఇచ్చింది ఐదేళ్ళ పాలన. సాతవాహనుల రాజధాని పైఠాన్ మీ గోదావరికే ఎగువన ఉంది, మూలం మహారాష్ట్రీ ప్రాకృతం. సంస్కృత ఛాయ (సంస్కృతంలోకి మార్చిన పాఠం) ఉన్న ప్రతి దొరికితే మొదటి శతకం మొదటి పుటలోనే ఈ బిరుదు మీకు కనబడుతుంది.